మందుల షాపులో జ్వర పరీక్ష: నిబంధన ముందు, కిట్టు తరువాత

వానలు మొదలైతే మన్యంలో జ్వరాలు మొదలైనట్లే. పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాల వారికి ఇది కొత్త సంగతి కాదు. గూడెంలో ఎవరికైనా చలిజ్వరం వస్తే మొదట ఆశా కార్యకర్తను వెదుకుతారు. ఆమె ఊళ్ళో లేకపోయినా, ఆమె దగ్గర కిట్లు నిండుకున్నా, వారపు సంత దాకా ఓర్చుకుంటారు. సంతనాడు మండల కేంద్రానికి దిగి మందుల షాపు ముందు నిలబడి "జ్వరానికి బిళ్ళలు ఇవ్వండి" అని అడుగుతారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి డాక్టరు కోసం వేచి ఉండాలంటే ఒకరోజు కూలి పోతుంది. షాపులో అయితే అయిదు నిమిషాల పని. మన్యంలోనే కాదు, మైదాన ప్రాంతంలోనూ జ్వరం వచ్చిన సామాన్యుడు ముందుగా వెళ్ళేది ఆర్.ఎం.పి. దగ్గరికో, మందుల షాపుకో అన్నది కాదనలేని సత్యం.

ఆ షాపుల బల్ల మీదికి ఇప్పుడు కొత్త సరుకు వస్తున్నది. వేలి కొసన గుచ్చి, ఒక చుక్క రక్తం వేసి, పావుగంటలో గీతను బట్టి మలేరియా ఉన్నదీ లేనిదీ చెప్పే కిట్లు, డెంగీకి వేరే కిట్లు, టైఫాయిడ్‌కు మరో రకం కిట్లు బజారులో దొరుకుతున్నాయి. మధుమేహం చూసే యంత్రం చాలా షాపుల్లో ఏనాడో చేరింది. కోవిడ్ పరీక్షను ఎవరింట్లో వారు చేసుకోవడానికి భారత వైద్య పరిశోధన మండలి 2021 మే నెలలో అనుమతించిన తరువాత, మందుల షాపుకు వెళ్ళి రోగ పరీక్ష కిట్టు అడగడం జనానికి అలవాటైంది. కిట్టు అమ్మే చోటు నుంచి పరీక్ష చేసే చోటుగా మారడానికి షాపుకు మిగిలింది ఒక్క అడుగే. ఆ అడుగు వేయకముందే నిబంధనలు రావాలి. వేసిన తరువాత వచ్చే నిబంధనలు చేతులు కాలాక పట్టుకున్న ఆకుల వంటివే అవుతాయి.

నిషేధం పరిష్కారం కాదు

మందుల షాపులో రక్త పరీక్షలు చేయడమేమిటని కొందరు డాక్టర్లు ఆక్షేపించవచ్చు. వారి ఆందోళనను తోసిపుచ్చలేము. అయితే మన్యంలో మలేరియా పరీక్ష చేస్తున్నవారు డాక్టర్లు మాత్రమే కాదు. గూడెం గూడెంలో ఆశా కార్యకర్తలు ఏళ్ళ తరబడి ఈ కిట్లతో పరీక్షలు చేస్తున్నారు. పెద్ద చదువులు లేకపోయినా, తగిన శిక్షణ ఉంటే, పైన ఒక వ్యవస్థ అండగా ఉంటే, ఈ పని చక్కగా చేయవచ్చునని వారు రుజువు చేశారు. అటువంటప్పుడు ఫార్మసీలో డిప్లొమానో, డిగ్రీనో చేసినవారు చేయలేరనడం సబబు కాదు.

కాని ఆశా కార్యకర్తకూ మందుల షాపుకూ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఆశా చేతిలోని కిట్టు ప్రభుత్వం ఇచ్చినది. ఆమె చూసిన ఫలితం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రికార్డుకు ఎక్కుతుంది. రోగికి మందు ఉచితంగా అందుతుంది. గీత ఒకటి వచ్చినా రెండు వచ్చినా మందు అమ్మి ఆమె సంపాదించేదేమీ లేదు. షాపులో ఈ నాలుగింటికీ హామీ లేదు. కిట్టు ఎక్కడిదో రోగికి తెలియదు. ఫలితం ఎక్కడా నమోదు కాదు. మందు డబ్బు పెట్టి కొనాలి. పరీక్ష చేసే చేయి, మందు అమ్మే చేయి ఒక్కటే. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

అలాగని పూర్తిగా నిషేధించినందువల్ల ఒరిగేదేమీ లేదు. జనం అవసరం తీరే దారి మూస్తే ఆ పని చాటుకు పోతుంది. చాటున జరిగే పరీక్షకు లెక్క ఉండదు, బాధ్యత అంతకన్నా ఉండదు. అనుమతి ఇచ్చి, షరతులు విధించి, వాటిని అమలు జరిపించడమే మేలు.

చట్టంలోని ఖాళీ

మందుల షాపును కట్టడి చేసే చట్టాలు మన దేశంలో తక్కువేమీ కాదు. 1940 నాటి ఔషధాల చట్టం, దాని కింద 1945లో చేసిన నిబంధనలు, 1948 నాటి ఫార్మసీ చట్టం, 2015లో వచ్చిన ఫార్మసీ వృత్తి నిబంధనలు అమలులో ఉన్నాయి. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందును రిజిస్టరైన ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలని ఇవి ఘోషిస్తున్నాయి. రోగికి మందు వాడే పద్ధతి వివరించడం ఫార్మసిస్టు విధి అని 2015 నిబంధనలు చెప్పాయి. పరీక్ష కిట్ల తయారీ, దిగుమతులకు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు ఉన్నాయి. కాని షాపులో నిలబడిన మనిషి వేలు గుచ్చి అంటురోగ పరీక్ష చేయాలంటే ఎవరికి ఏ శిక్షణ ఉండాలి, ఏ గదిలో చేయాలి, ఫలితం ఎవరికి తెలపాలి, పొరపాటు జరిగితే జవాబుదారీ ఎవరు అన్న ప్రశ్నలకు వీటిలో సూటిగా సమాధానం దొరకదు.

ఉన్న చట్టాల అమలే అంతంతమాత్రమన్నది అందరికీ తెలిసిన రహస్యం. గోడకు వేలాడే సర్టిఫికెట్టు ఒకరిది, బల్ల వెనుక నిలబడేది మరొకరు. ఇటువంటి షాపులో మందు మారితేనే ప్రమాదం. పరీక్ష కూడా తోడైతే చెప్పనక్కరలేదు.

గీత చూడడమే పరీక్ష కాదు

కిట్టు వాడడం చూడడానికి సులువు. అందులోని మెలకువలు అంత సులువు కావు. చాలా కిట్లను 30 డిగ్రీలకో, 40 డిగ్రీలకో మించని చోట ఉంచాలని పెట్టె మీద ముద్రిస్తారు. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద మగ్గిన కిట్టు ఏ గీత చూపుతుందో నమ్మకం లేదు. పొట్లం విప్పిన వెంటనే వాడకపోతే తేమ తగిలి చెడుతుంది. చెప్పిన సమయం దాటాక చూస్తే లేని గీత కనిపించవచ్చు. సంతరోజు రద్దీలో ఒక కిట్టు మీద రక్తం వేసి, నలుగురికి మందులిచ్చి, గంట తరువాత తిరిగి చూసే పరీక్షకు విలువ లేదు.

ఫలితానికి అర్థం చెప్పడం ఇంకా కష్టం. ఫాల్సిపేరం రకం మలేరియాను పట్టే కిట్టు, రోగం నయమైన తరువాత కూడా కొన్ని వారాలపాటు గీత చూపవచ్చు. కిందటి నెల మందు వాడిన మనిషికి ఈ నెల వచ్చిన మామూలు జ్వరాన్ని మళ్ళీ మలేరియా అని పొరపడే అవకాశం ఉన్నది. గీత రాకపోతే రోగం లేదని ధీమా పడడానికీ వీలులేదు. రక్తంలో పరాన్నజీవులు తక్కువగా ఉంటే కిట్టుకు చిక్కవు. అందుకే జ్వరం తగ్గకపోతే మళ్ళీ పరీక్షించాలి, రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూడాలి. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న కనుగొన్నది సూక్ష్మదర్శినితోనే. నూట పాతికేళ్ళు దాటినా దాని అవసరం తీరలేదు.

డెంగీ సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. జ్వరం వచ్చిన తొలి అయిదు రోజుల్లో చేయవలసిన పరీక్ష ఒకటి, ఆ తరువాత చేయవలసినది మరొకటి. చప్పున ఫలితం చెప్పే కిట్టుతో డెంగీని నిర్ధారించరాదని, ఎలైసా పరీక్షతోనే నిర్ధారించాలని ప్రభుత్వ విధానం చెబుతున్నది. డెంగీని నేరుగా చంపే మందు లేదు. పారాసిటమాల్, తగినన్ని ద్రవాలు, ప్రమాద సూచనలను కనిపెట్టి ఉండడమే చికిత్స. నొప్పులు తగ్గుతాయని ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి ఇస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే అవుతుంది. పరీక్ష చేసేవారికి ఈ సంగతి తెలియకపోతే కిట్టు ఉండీ ప్రయోజనం లేదు.

టైఫాయిడ్ పేరిట జరిగే వైడాల్ పరీక్ష మరీ అయోమయం. ఒక్క నమూనాతో చేసిన వైడాల్‌ను నమ్మి టైఫాయిడ్ అని తేల్చడం శాస్త్రసమ్మతం కాదు. ఎప్పుడో వచ్చిన జ్వరం వల్ల, వేయించుకున్న టీకా వల్ల కూడా అది రోగం ఉన్నట్లు చూపవచ్చు. ఆ కాగితం చేతబట్టుకుని యాంటీబయాటిక్ కోర్సు మొదలవుతుంది. పదేపదే ఇలా వాడిన మందులు రేపు నిజంగా అవసరమైన రోజున పనిచేయకుండా పోతాయి. ఈ ప్రమాదాన్ని గుర్తించే కేంద్ర ప్రభుత్వం 2014 మార్చి 1 నుంచి హెచ్1 షెడ్యూలు అమలులోకి తెచ్చింది. కొన్ని యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. పరీక్ష పేరు చెప్పి ఈ కట్టుబాటును దాటే అవకాశం షాపులకు కల్పించరాదు.

మందులోనూ మెలకువ

పరీక్ష ఫలితం సరైనదే అయినా కథ అక్కడితో ముగియదు. వైవాక్స్ మలేరియాకు మూడు రోజుల క్లోరోక్విన్‌తో జ్వరం తగ్గుతుంది. కాని కాలేయంలో దాగిన పరాన్నజీవిని తుడిచిపెట్టాలంటే 14 రోజులు ప్రైమాక్విన్ వాడాలి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఆ మందు ఇవ్వకూడదు. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవారికి అది రక్తకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. మూత్రం ముదురు రంగులోకి మారితే వెంటనే మందు ఆపి ఆసుపత్రికి పోవాలి. ఫాల్సిపేరం అయితే మందు వేరు, లెక్క వేరు. ఆర్టెమిసినిన్ వర్గపు బిళ్ళను ఒంటరిగా వాడితే పరాన్నజీవి మందుకు లొంగకుండా పోతుందనే కారణంతో 2009లో దేశంలో ఆ అమ్మకాన్ని నిషేధించారు. జ్వరం దిగింది కదా అని రెండో రోజే బిళ్ళలు మానేసే కూలీకి ఇవన్నీ విడమరిచి చెప్పే తీరిక షాపుకు ఉండాలి. ఆ తీరిక లేని షాపుకు పరీక్ష చేసే అర్హత కూడా ఉండరాదు.

లెక్కకు రాని రోగం

అన్నిటికన్నా పెద్ద నష్టం కంటికి కనిపించనిది. 2027 నాటికి స్థానికంగా సోకే మలేరియా ఒక్కటి కూడా లేకుండా చేయాలని, 2030 నాటికి దేశం నుంచి మలేరియాను నిర్మూలించాలని కేంద్రం లక్ష్యంగా పెట్టుకున్నది. గూడెంలో ఒక కేసు బయటపడితే ఆ చుట్టుపక్కల ఇళ్ళలో జ్వరపీడితులను వెదకాలి, దోమల మందు చల్లాలి, నీళ్ళు నిలిచిన గుంటలు చూడాలి. ఇదంతా జరగాలంటే ముందు కేసు వచ్చినట్లు తెలియాలి. షాపులో గీత చూసి బిళ్ళలిచ్చి పంపేస్తే ఆ సమాచారం చెత్తబుట్టలో పడిన కిట్టుతోనే పోతుంది. మలేరియా రికార్డులో తగ్గుతుంది, గూడెంలో తగ్గదు.

కోవిడ్ కాలం ఈ పాఠం నేర్పింది. ఇంటి కిట్లతో పరీక్షించుకున్న వారిలో ఎందరు ఫలితం తెలిపారో తేలక, 2022 జనవరిలో ముంబయి నగరపాలక సంస్థ కిట్ల అమ్మకాల లెక్క రాయాలని మందుల షాపులను ఆదేశించవలసి వచ్చింది. క్షయ విషయంలో చట్టం అంతకుముందే దారి చూపింది. క్షయ కేసులను ప్రభుత్వానికి తెలపడం 2012 మే నుంచి తప్పనిసరి అయింది. 2018 మార్చిలో క్షయ మందులు అమ్మే షాపులకూ ఆ బాధ్యత వర్తింపజేశారు. క్షయకు సాధ్యమైనది మలేరియాకు, డెంగీకి ఎందుకు సాధ్యం కాదు?

కిట్టు మంచిదో చెడ్డదో తేల్చడంలోనూ క్షయ చరిత్ర గమనార్హం. రక్తం చూసి క్షయ చెప్పే కిట్లు ఒకప్పుడు దేశమంతటా విరివిగా అమ్ముడయ్యాయి. వాటి ఫలితాలు నమ్మదగినవి కావని తేలడంతో 2012 జూన్‌లో కేంద్రం వాటి తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించింది. ఆ లోపల లేని రోగానికి మందు మింగినవారు, ఉన్న రోగం తెలియక తిరిగినవారు ఎందరో ఎవరు లెక్కగట్టగలరు? ఆ తప్పు పునరావృతం కారాదు.

ఇతర దేశాల అనుభవం

మందుల షాపులో పరీక్ష ఇతర దేశాల్లోనూ వచ్చింది. ఫ్రాన్సులో గొంతునొప్పితో వచ్చినవారికి ఫార్మసిస్టు చప్పున పరీక్ష చేసి, బాక్టీరియా వల్ల వచ్చినదని తేలితేనే యాంటీబయాటిక్ ఇచ్చే ఏర్పాటు 2024 జూన్ నుంచి ఉన్నది. దానికి ప్రత్యేక శిక్షణ తప్పనిసరి. పరీక్ష చేసిన శ్రమకు విడిగా రుసుము ఉన్నది కనుక మందు అమ్మితేనే కిట్టుబాటు అనే పరిస్థితి లేదు. ఇంగ్లండులో 2024 జనవరి 31న మొదలైన పథకం కింద ఫార్మసిస్టులు ఏడు సామాన్య రుగ్మతలకు డాక్టరు చీటీ లేకుండానే చికిత్స చేయవచ్చు. అయితే ఎవరికి ఇవ్వాలి, ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలి అన్నది ముందే రాసిపెట్టారు. ఆ పద్ధతులను ఇక్కడ యథాతథంగా దింపడం కుదరదు. కాని పరీక్షను మందు లాభం నుంచి విడదీయడం, హద్దులు ముందే గీయడం అనే రెండు సూత్రాలు ఎక్కడైనా వర్తిస్తాయి.

ఏమేమి కావాలి

మొదటిది, పరీక్ష చేసే షాపుకు ప్రత్యేక అనుమతి ఉండాలి. మందుల లైసెన్సు ఉన్నంత మాత్రాన పరీక్షకు హక్కు రాదని స్పష్టం చేయాలి. రిజిస్టరైన ఫార్మసిస్టు స్వయంగా ఉన్న వేళల్లోనే పరీక్ష జరగాలి. ఆయన పేరు, ఫోటో, ఉండే వేళలు షాపు ముందు కనిపించాలి.

రెండవది, అనుమతి మలేరియాతో మొదలు కావాలి. డెంగీ కిట్టు ఫలితాన్ని అనుమానంగానే పరిగణించి రోగిని ఆసుపత్రికి పంపాలి. వైడాల్‌ను షాపు బల్ల మీదికి రానీయరాదు. హెచ్.ఐ.వి. పరీక్షకు రోగి సమ్మతి, ముందూ వెనుకా సలహా, గోప్యత తప్పనిసరి అని 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న 2017 నాటి చట్టం చెబుతున్నది. నలుగురూ నిలబడే షాపు దానికి తగిన చోటు కాదు. ఆ పరీక్ష ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా జరుగుతున్నది, అక్కడికే పంపాలి. రెండు వారాలకు మించి దగ్గుతూ వచ్చి దగ్గు మందు అడిగేవారిని కళ్ళె పరీక్షకు పంపడం షాపు విధిగా చేయాలి.

మూడవది, కిట్టు, మలేరియా మందు రెండూ ప్రభుత్వమే ఉచితంగా సరఫరా చేయాలి. పరీక్షకు నిర్ణీతమైన కొద్దిపాటి రుసుమును ప్రభుత్వమే షాపుకు చెల్లించాలి. గీత వచ్చినా రాకపోయినా ఆ రుసుము ఒక్కటే అయి ఉండాలి. అప్పుడు గీత పుట్టించవలసిన అవసరం ఎవరికీ కలగదు.

నాలుగవది, ప్రతి ఫలితం రిజిస్టరుకెక్కాలి. రోగం ఉన్నట్లు తేలిన సంగతి అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాలి. రోగి ఊరి ఆశా కార్యకర్తకు కబురు అందాలి. గర్భిణులు, పసిపిల్లలు, మగతగా ఉన్నవారు, ఆగకుండా వాంతులు చేసుకునేవారు వస్తే పరీక్షతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పంపాలి. రోగం లేదని తేలినా జ్వరం తగ్గకపోతే ఎక్కడికి రావాలో కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వాలి. చదువురాని వారికి నోటితో, వీలైతే వారి భాషలోనే చెప్పాలి. మన్యంలో స్క్రబ్ టైఫస్ వంటి జ్వరాలూ ఉన్నాయన్న సంగతి మరువరాదు.

ఐదవది, వేలు గుచ్చిన సూదిని, రక్తం అంటిన దూదిని మురుగు కాలువలో పారవేయకుండా 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదిని తెల్లని గట్టి డబ్బాలో, దూదిని పసుపు సంచిలో వేయించాలి. ఒకరికి వాడిన సూది మరొకరికి తగలకూడదన్నది వేరే చెప్పవలసిన అవసరం లేదు.

జిల్లా యంత్రాంగం కదలాలి

వీటిలో కొన్నిటికి కేంద్రం, రాష్ట్రం చట్టం సవరించాలి. అది జరిగేదాకా జిల్లా అధికారులు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ఏయే షాపుల్లో కిట్లు అమ్ముతున్నారో, ఏ కంపెనీ కిట్లో, అవి అనుమతి పొందినవో కావో ఔషధ తనిఖీ అధికారులు వెంటనే జాబితా తయారు చేయవచ్చు. ఫార్మసిస్టు లేని షాపులపై చర్య తీసుకోవచ్చు. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. అక్కడ సంత జరిగే మండల కేంద్రాల ఫార్మసిస్టులకు శిక్షణ ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. జ్వరంతో వచ్చినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపే చీటీ పద్ధతిని రేపే మొదలుపెట్టవచ్చు.

చిన్న షాపులకు ఈ షరతులు భారమవుతాయని వ్యాపారులు అనవచ్చు. నిజమే. అందుకే పరీక్ష ఏ షాపుకూ నిర్బంధం కారాదు. చేయదలచిన వారే షరతులకు లోబడి చేయాలి. మిగిలినవారు మందులు అమ్ముకోవడానికి అభ్యంతరం ఉండదు.

షాపులకు పరీక్షలు అప్పగించి ప్రభుత్వం తన బాధ్యత దులుపుకోవడానికి మాత్రం వీలులేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లాబ్ టెక్నీషియను పోస్టు ఖాళీగా ఉంటే, ఆశా కార్యకర్త సంచిలో కిట్లు నిండుకుంటే, షాపులో ఎంత చక్కని పరీక్ష జరిగినా ఆ లోటు పూడదు. షాపు నుంచి పంపిన రోగిని అందుకునే చేయి అవతల ఉండాలి.

జ్వరపీడితుడు సంతకు మోసుకువచ్చిన నాలుగు వందల రూపాయలు అతని వారం రోజుల తిండి కావచ్చు. ఆ డబ్బు చెడిన కిట్టుకూ, అక్కరలేని మందుకూ పోకూడదు. అతని వేలి నుంచి తీసిన రక్తపు చుక్క అతనికి సరైన మందును, ఊరికి ముందు హెచ్చరికను తేగలిగితేనే షాపులో పరీక్షకు అర్థం ఉంటుంది. వచ్చే వానలకు ముందే ఆ ఏర్పాటు జరగడం అవసరం.